లైసెన్సు వచ్చింది, ఇక రివాల్వరా పిస్టలా? బోరు ఏది?

ప్రశ్న సారాంశం: దిల్‌సుఖ్‌నగర్‌లో నగల దుకాణం. రాత్రి దుకాణం మూసి నగదు, కొంత సరుకు తీసుకుని బైకు మీద ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరో వెంబడించారు. దరఖాస్తు చేస్తే ఆయుధ లైసెన్సు మంజూరైంది. అమెరికా వీడియోలు చూసి 9 ఎం.ఎం. బోరు (గొట్టం లోపలి వెడల్పు) మంచిదా, .45 (ఇది అంగుళాల్లో) మంచిదా అని ఆలోచిస్తున్నారు. తుపాకుల దుకాణంలో .32 తప్ప మరొకటి దొరకదంటున్నారు. తమ్ముడు .22 తేలిక, అది చాలంటున్నాడు. రోజూ వెంట పెట్టుకోవాలా, ఇంట్లో ఉంచాలా, తాను లేనప్పుడు భార్య వాడవచ్చా అన్నవి మిగిలిన సందేహాలు.

పోలీసు శాఖలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. ఇప్పుడు లైసెన్సుదారులకు తుపాకీ వాడకం నేర్పుతున్నాను. సమాధానం ముందే చెప్పేస్తాను: .32 రివాల్వర్ కొనండి. రివాల్వర్ అంటే తిరిగే సిలిండర్‌లో తూటాలు ఉండేది, పిస్టల్ అంటే పిడిలోని మ్యాగజీన్ నుంచి తూటాలు పైకి ఎక్కేది. కారణాలు తెలియకుండా కొంటే ఆరు నెలలకే దాన్ని బీరువాలో పడేస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వీడియోల సంగతి. అవి అబద్ధాలు కావు. మన చట్టానికి మాత్రం అవి వర్తించవు. ఆయుధ చట్టం 1959లో వచ్చింది, ప్రస్తుత నియమావళి 2016 నాటిది. సైన్యం, పోలీసులు వాడే తూటాలను పేల్చగల చేతి తుపాకులన్నీ ఆ నియమావళి ప్రకారం నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. సర్వీసు 9 ఎం.ఎం., .45 రిమ్‌లెస్ (అడుగు అంచు బయటికి పొడుచుకు రాని), పాత బ్రిటిష్ .380, .455 రిమ్డ్ (అంచు పొడుచుకు వచ్చిన) తూటాలు పేల్చే పిస్టళ్లు, రివాల్వర్లు అన్నీ అందులోవే. ప్రభుత్వ గోదాముల నుంచి తూటాలు బయటికి పొక్కితే వాటిని పేల్చే తుపాకీ జనం చేతిలో ఉండకూడదన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. మీకు వచ్చింది నిషేధం లేని బోరు లైసెన్సు, దుకాణాల్లో ఎన్‌పీబీ అనేది అదే. దాంతో 9 ఎం.ఎం. ఇంట్లో పెట్టుకుంటే లైసెన్సు ఉన్నా లేనట్టే. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం కేసులో శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది. ఎవరైనా ‘నాటుది ఒకటి ఉంది, చవక’ అని చెవిలో ఊదితే ఆ మనిషి నంబరు ఫోనులోంచి తీసేయండి.

పాతబస్తీలో, బంజారాహిల్స్‌లో కొన్ని పాత కుటుంబాల దగ్గర తాతల నాటి వెబ్లీ (బ్రిటిష్ కంపెనీ) రివాల్వర్లు ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో చాలా వరకు ఆ .380, .455 బోర్లే. వారసత్వంగా బదిలీ చేయించుకోవడానికి నియమావళిలో వేరే దారి ఉంది. మీలాంటి కొత్త లైసెన్సుదారు వాటివైపు చూడనక్కర్లేదు. .357 మ్యాగ్నమ్ నిషిద్ధం కాదు కదా అని అడిగేవారూ ఉంటారు. సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980లలోనే ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతున్నాయి, ధరలు లక్షల్లో ఉంటాయి. ఆ డబ్బు పోసి కొన్నా సాధనకు తూటాల కోసం ఊరూరా తిరగాలి. ఆత్మరక్షణకు కాదు, అది సరదాకు కొనే వస్తువు.

కాబట్టి మీ ముందు ఉన్నవి రెండే బోర్లు: .32, .22. వీటి బలాబలాలు చూద్దాం. మన దగ్గర .32 రివాల్వర్లలో వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ తూటా, 1896 నాటి రూపకల్పన. అందులో సుమారు 6.3 గ్రాముల సీసపు బుల్లెట్ సెకనుకు 210 మీటర్ల పైచిలుకు వేగంతో బయటికి వస్తుంది. శక్తి 150 జౌళ్ల లోపు. .32 పిస్టల్ తూటా వేరు. 1899లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .32 ఏసీపీ అది. బుల్లెట్ 4.6 గ్రాములే, వేగం ఎక్కువ, శక్తి 170 జౌళ్ల దగ్గర. పొట్టి బ్యారెల్ నుంచి పేల్చిన .22 దాదాపు 100 జౌళ్లు ఇస్తుంది. పోలిక కోసం 9 ఎం.ఎం. శక్తి చెప్పాలంటే 450 నుంచి 500 జౌళ్లు.

ఈ అంకెలు చూసి నిరుత్సాహపడతారని తెలుసు. అయితే శక్తి అంకె ఒక్కటే మనిషిని ఆపదు. 1986 ఏప్రిల్‌లో అమెరికాలోని మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు చనిపోయారు. దోపిడీదారుల్లో ఒకడికి మొదట్లోనే 9 ఎం.ఎం. బుల్లెట్ తగిలింది. అది గుండె దాకా చేరకుండా ఆగిపోయింది, వాడు ఆ గాయంతోనే కాల్పులు కొనసాగించాడు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ మనిషి కండను పోలిన జెల్ దిమ్మలపై పరీక్షలు పెట్టి, బుల్లెట్ కనీసం 12 అంగుళాల లోతుకు వెళ్లాలని తేల్చింది. పెద్ద బోరు కావాలని 10 ఎం.ఎం.కు, అక్కడి నుంచి .40కి మారింది. చివరికి మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. తూటాల తయారీ మెరుగుపడటం ఒక కారణం. తక్కువ కుదుపు ఉంటే వారి మనుషులు వేగంగా, గురిగా కాలుస్తున్నారన్నది రెండోది. చేతి తుపాకీ దెబ్బకు మనిషి ఎగిరి పడడు. మెదడుకో వెన్నుపాముకో తగిలితే వెంటనే, లేదంటే రక్తం పోయి కొంతసేపటికి ఆగుతాడు. చాలామంది తుపాకీ చూసో, చప్పుడు విని బెదిరో పారిపోతారు, కానీ దాన్ని లెక్కలో వేసుకుని తుపాకీ ఎంచుకోకూడదు.

.32కు సాధారణంగా ఆ లోతు అందుతుంది. గుండ్రటి ముక్కు బుల్లెట్ విచ్చుకోదు, నేరుగా దూసుకుపోతుంది. పెద్ద గాయం చేయదు కాబట్టి ఎక్కడ తగిలిందన్నదే ప్రధానం. కుదుపు తక్కువ కాబట్టి రెండో గుండు కూడా అదే చోట వేయగలరు.

మరి .22? దాని మీద నా అభ్యంతరం శక్తి గురించి మాత్రమే కాదు. .22 తూటాలో నిప్పు రగిలించే మందు అడుగు అంచులో పరుచుకుని ఉంటుంది. అంచులో ఎక్కడైనా అది సరిగా నిండకపోతే ట్రిగ్గర్ నొక్కినప్పుడు ‘టిక్’ మని ఊరుకుంటుంది. మధ్యలో ప్రైమర్ (ఆ నిప్పు మందు ఉన్న చిన్న గిన్నె) ఉండే .32లో ఈ బెడద చాలా తక్కువ. సాధనకు .22 చాలా మంచిది. మణికట్టు నొప్పి వల్లనో, వయసు వల్లనో .32 ట్రిగ్గర్ లాగలేనివారికి తప్ప రక్షణకు దాన్ని సిఫారసు చేయను.

ఇక అసలు విషయానికి వద్దాం. రివాల్వరా పిస్టలా అన్నది అమెరికాలో ఎప్పుడో తేలిపోయింది, అక్కడ చాలామంది పిస్టల్ వైపే. నేను ఇక్కడ రివాల్వర్ వైపు మొగ్గడానికి కారణం తూటాల లెక్క. మీ లైసెన్సు పుస్తకంలో ఒకసారికి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది రాసి ఉంటుంది. అక్కడివారు ఒక్క వారాంతంలో కాల్చేసే తూటాలు మీకు చాలా కాలం రావాలి. పిస్టల్ అడిగే సాధన ఆ కాస్త తూటాలతో పూర్తికాదు. సేఫ్టీ తీయడం, చాంబర్లో (తూటా పేలే గదిలో) తూటా ఉందో లేదో తెలిసి ఉండటం, స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) పూర్తిగా వెనక్కి లాగి వదలడం, తూటా ఇరుక్కుంటే మ్యాగజీన్ కింద చరిచి మళ్లీ స్లైడ్ లాగడం, ఇవన్నీ భయంతో వేళ్లు మొద్దుబారినప్పుడు కూడా జరిగిపోవాలి. పైగా .32 పిస్టళ్లు ఎక్కువగా బ్లోబ్యాక్ రకం. స్లైడ్‌ను పట్టి ఉంచేది దాని బరువు, స్ప్రింగే కాబట్టి ఆ స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. స్లైడ్ లాగడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మీ ఎడమ చేతిలో నగల సంచి ఉంటుంది, లేదా దాన్ని ఎవడో లాగుతూ ఉంటాడు.

.32 ఏసీపీ తూటాతో ఇంకో చిక్కు ఉంది. దాని అడుగున చిన్న అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజీన్ నింపేటప్పుడు పైతూటా అంచు కిందితూటా అంచు వెనక్కి వెళ్తే రెండూ లంకె పడతాయి. అప్పుడు పిస్టల్ పనిచేయదు, చరిచినా రాదు. మ్యాగజీన్ ఊడదీసి చేత్తో సరిచేయాలి.

రివాల్వర్‌లో తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కండి, సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. అంతే. ఒక చేత్తో చేయవచ్చు, చీకట్లో చేయవచ్చు. నిండి ఉందో లేదో తెరిచి చూస్తే తెలుస్తుంది, ఊహించుకోనక్కర్లేదు. ‘మ్యాగజీన్ తీసేశాను కదా, ఖాళీ’ అనుకుని చాంబర్లో మిగిలిన తూటాతో ఇంట్లోనే గోడకో మనిషికో కాల్చిన ఘటనలు పిస్టళ్లతోనే ఎక్కువగా విన్నాను.

రివాల్వర్‌కు లోపాలు లేవని కాదు. ఆరే తూటాలు. నింపడం నెమ్మది. అన్నిటికంటే పెద్ద లోపం ట్రిగ్గర్: హామర్ (వెనక ఉండే సుత్తి) వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే నాలుగైదు కిలోల బరువు లాగాలి, అదీ పొడవుగా. కొత్తవారి చేతిలో తుపాకీ ముక్కు పక్కకు వంగిపోతుంది. అందుకే చాలామంది బొటనవేలితో హామర్ లాగి, తేలికైన ట్రిగ్గర్‌తో అట్ట మీద చక్కటి గుంపు కాల్చి మురిసిపోతారు. ఆపదలో అలా చేయకండి. హామర్ లాగిన రివాల్వర్‌తో వణుకుతున్న వేలు ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం, తర్వాత దాన్ని భద్రంగా దించడం ఇంకా ప్రమాదం. మొదటి నుంచీ బరువు ట్రిగ్గర్‌తోనే నేర్చుకోండి. దీనికి నిజమైన తూటాలు అక్కర్లేదు. డమ్మీ తూటాలు నింపి, గోడ మీద చుక్క చూస్తూ, గొట్టం కొసన ఉన్న గురి మొన కదలకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగడం రోజూ పది నిమిషాలు చేస్తే చాలు. ఆ సమయంలో నిజమైన తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. 20 జౌళ్ల లోపు శక్తి గల .177 ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అవసరం లేదు, గురి అలవాటుకు అదీ పనికొస్తుంది. గచ్చిబౌలి వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజ్ ఉంది. గగన్ నారంగ్, ఈషా సింగ్ వంటివారి పుణ్యమా అని హైదరాబాద్‌లో శిక్షకులకు కొదవ లేదు. అయితే క్రీడల్లో నేర్పేది నిలకడగా నిలబడి, ఊపిరి బిగబట్టి ఒక్కో గుండు కాల్చడం. మీరు మూడు నుంచి ఐదు మీటర్ల దూరంలో, రెండు గుండ్లు త్వరగా, నిలువెత్తు అట్ట మీద సాధన చేయాలని శిక్షకుడికి ముందే చెప్పండి.

ఏ రివాల్వర్ అంటే, కాన్పూర్ ఆయుధ కర్మాగారానిది ఎక్కువగా కనిపిస్తుంది. పాత వెబ్లీ పోలికలో మధ్యకు విరిచి తెరిచే రకం. తెరవగానే ఆరు ఖాళీ తూటా తొడుగులూ ఒక్కసారే పైకి వస్తాయి. ‘నిర్భీక్’ 2014లో వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేసిన ఫ్రేమ్, బరువు అర కిలో పైచిలుకు. మహిళల కోసమని ప్రచారం చేశారు, ధర లక్షా ఇరవై వేలు దాటేసరికి ఎందరు కొన్నారో ఊహించుకోవచ్చు. 2021లో ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీశాక చిన్న ఆయుధాల కంపెనీ 2023లో ‘ప్రబల్’ తెచ్చింది. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, 76 మిల్లీమీటర్ల బ్యారెల్. ఆ పక్కకు తెరుచుకునే ఏర్పాటు గట్టిది, నాకు నచ్చింది. దాని ప్రకటనల్లో 50 మీటర్ల పరిధి అని ఘనంగా చెప్పుకున్నారు. 50 మీటర్ల దూరంలో ఉన్నవాడి నుంచి ప్రాణాపాయం ఉందని మీరు ఏ న్యాయమూర్తినీ ఒప్పించలేరు, ఆ గొప్పను పక్కన పెట్టండి. ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ పేరుతో తయారయ్యేవి కూడా మార్కెట్లో ఉన్నాయి.

పేరు కంటే మీ చెయ్యి ముఖ్యం. దుకాణంలో పట్టుకుని చూడండి. పిడి పట్టుకున్నప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి సులువుగా రావాలి. పదిసార్లు వరసగా లాగి చూడండి. ఏడోసారికే చెయ్యి వణికితే ఇంకొకటి చూపించమనండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

లైసెన్సుదారుల నుంచి పాతది కొనేటట్లయితే ఇంకాస్త జాగ్రత్త. హామర్ నెమ్మదిగా వెనక్కి లాగుతూ, అది నిలిచేలోపు సిలిండర్ బిగిసిపోతోందో లేదో ఆరు గదులకూ చూడండి. బిగియకపోతే బుల్లెట్ బ్యారెల్ అంచును గీసుకుంటూ పోతుంది, సీసపు తునకలు పక్కకు చిమ్ముతాయి. మధ్యకు విరిచే రకంలో పైగొళ్లెం వదులుగా ఆడుతుంటే ఎంత చవకైనా వద్దు. బ్యారెల్లో వెలుతురు వేసి చూస్తే తుప్పు గుంటలు కనిపిస్తాయి. తుపాకీ మీది నంబరు కాగితాల్లోని నంబరుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంకో మాట, తూటాలు కొనేటప్పుడు ‘థర్టీ టూ’ అని ఊరుకోకుండా రివాల్వర్‌వి కావాలని చెప్పండి. పిస్టల్ తూటా రివాల్వర్ గదిలో పడుతుంది కూడా, కానీ దాని పీడనం ఎక్కువ. పాత రివాల్వర్‌ను దాంతో పరీక్షించకండి.

నిర్వహణ గురించి తక్కువే చెబుతాను. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి దాచకండి. తోలు చెమటనూ వాననీటినీ పీల్చుకుని ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది, మన వానాకాలంలో ఒక్క నెల చాలు. పలచగా నూనె రాసి పొడిబట్టతో తుడవండి. తూటాలకు నూనె తగలనివ్వవద్దు, ప్రైమర్ చెడిపోతుంది. ఏడాదికోసారి పాత తూటాలు రేంజ్‌లో కాల్చి కొత్తవి నింపుకోండి.

మీ భార్య విషయం. లైసెన్సు మీ పేరున ఉంది, తుపాకీ మీ ఒక్కరిదే. మీరు ఊళ్లో లేనప్పుడు ఆమెకు అప్పగించి వెళ్లకూడదు. ఆమెకు అవసరమనుకుంటే ఆమె పేరున దరఖాస్తు, శిక్షణ వేరుగా ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే గోడకు బిగించిన ఇనుప పెట్టె తప్పనిసరి. తాళం దేవుడి గూట్లోనో, బీరువా మీదనో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. పిల్లలకు మొదట తెలిసేవి ఆ రెండు చోట్లే.

రోజూ వెంట తీసుకెళ్లడం మీ దినచర్యను బట్టి ఉంటుంది. మీరు బైకు మీద వెళ్తారని రాశారు. బైకు మీద ఉన్నవాడికి నడుముకున్న రివాల్వర్ దాదాపు పనికిరాదు. రెండు చేతులూ హ్యాండిల్ మీద, పైన రెయిన్‌కోటు, వెనక నుంచి తన్నితే ముందు కింద పడతారు, తర్వాత తుపాకీ వాళ్లకు దొరుకుతుంది. నా సలహా, తుపాకీకి పెట్టే డబ్బులో కొంత పెట్టి ముందు ప్రయాణం మార్చండి. కారు, తోడుగా ఒక మనిషి, ఏ రోజుకారోజు మారే సమయం, దారి. సరుకు దుకాణంలోని లాకర్లోనే ఉంచి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లడం ఇంకా మేలు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు జమ చేయమని పోలీసులు ఆదేశిస్తారు, ఆ వారాల్లో మీకు మిగిలేది ఈ ఏర్పాట్లే. కారులో వెళ్తున్నా తుపాకీ నడుముకే ఉండాలి. డ్యాష్‌బోర్డు అరలో పెట్టి టీ తాగడానికి దిగకండి. మందు తాగే రోజు, పెళ్లికి వెళ్లే రోజు దాన్ని పెట్టెలోనే ఉంచండి. బరాత్‌లో గాల్లోకి కాల్చడం 2019 సవరణ నుంచి రెండేళ్ల వరకు జైలు పడే నేరం.

ఎప్పుడు కాల్చవచ్చన్నది భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది, 2024 జూలై 1 నుంచి అవే అమల్లో ఉన్నాయి. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆత్మరక్షణ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేసే హక్కు అసలే లేదు. ప్రాణం పోతుందని, లేదా తీవ్రంగా గాయపరుస్తారని న్యాయంగా భయపడాల్సిన పరిస్థితి ఉండాలి. మీకు సంబంధించినంత వరకు దోపిడీ, రాత్రివేళ ఇంట్లోకి చొరబాటు ఆ సెక్షన్లు చెప్పే సందర్భాల్లో ఉన్నాయి. సంచి లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే దాన్ని ఆత్మరక్షణగా నిరూపించుకోవడం చాలా కష్టం, నిరూపించాల్సిన భారం మీదే. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు హద్దులన్నీ ఒకచోట చెప్పింది, మీ వకీలును అడిగి ఒకసారి చదివించుకోండి. ఇంట్లో అయితే వెనక ఏముందో కూడా చూడాలి. .32 చిన్నదే కానీ ఫ్లష్ తలుపును, జిప్సం గోడను దాటిపోతుంది. అపార్ట్‌మెంట్లో తలుపు అవతల ఉండేది పక్కింటివాళ్ల గుమ్మం.

శిక్షణ ధ్రువపత్రం దరఖాస్తు సమయంలోనే ఇచ్చి ఉంటారు. అది కాగితం కోసం చేసిందైతే, తుపాకీ ఇంటికి తెచ్చే ముందే రేంజ్‌లో ఒక పూట మళ్లీ కూర్చోండి. కొన్న తర్వాత ఏ మోడల్ తీసుకున్నారో, ట్రిగ్గర్ ఎలా ఉందో రాస్తే, హోల్‌స్టర్ నడుముకు ఏ వైపు, ఏ ఎత్తున పెట్టుకోవాలో చెబుతాను. అది మీ చెయ్యి పొడవును బట్టి మారుతుంది.